అనాథాశ్రమానికి కానుక పంపేముందు, దత్తతకి సంతకం పెట్టేముందు ఏం అడగాలి

సంఘంలో ఎవరో వచ్చి అనాథ పిల్లల పరిచర్య గురించి చెప్తారు, స్క్రీన్ మీద పిల్లల ఫోటోలు చూపిస్తారు, మనకి మనసు ఆగదు, నెలనెలా ఎంతో కొంత పంపాలనో లేదా ఏకంగా ఒక బిడ్డని తెచ్చుకుని పెంచుకోవాలనో భారం కలుగుతుంది. ఆ భారం మంచిదే, దాన్ని చల్లార్చడానికి ఇది రాయట్లేదు. కాకపోతే డబ్బు కదిలేముందు ఒక ప్రశ్న అడగండి, మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి: ఈ బిడ్డకి ఎవరున్నారు?

ఎవరూ లేకపోబట్టే కదా ఆశ్రమంలో ఉంది అనుకుంటాం, చాలాసార్లు అది నిజం కాదు. యూనిసెఫ్ లెక్కలో తల్లీతండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డ అనాథ కిందే వస్తుంది. 2015కి వాళ్ళు చెప్పిన సంఖ్య దాదాపు 14 కోట్లు, అందులో ఇద్దర్నీ పోగొట్టుకున్నవాళ్ళు కోటిన్నర, వాళ్ళలో కూడా చాలామంది అమ్మమ్మ దగ్గరో పెద్దమ్మ దగ్గరో పెరుగుతున్నారు. కాబట్టి ఎవరైనా స్టేజి మీద 14 కోట్ల మంది పిల్లలు ఇంటికోసం ఎదురుచూస్తున్నారు అంటే ఆమేన్ అనకండి, ఆ పిల్లల్లో చాలామందికి ఇల్లుంది, ఆ ఇంట్లో డబ్బు లేదు అంతే.

2010లో హైతీ భూకంపం తర్వాత ఏం జరిగిందో గుర్తుంచుకోండి. అమెరికా నుంచి వెళ్ళిన పదిమంది బాప్టిస్టు విశ్వాసులు 33 మంది పిల్లల్ని సరైన కాగితాల్లేకుండా సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు, తీరా చూస్తే ఆ పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు, చదువు చెప్పిస్తారన్న ఆశతో వాళ్ళే పంపించారు. మంచి ఉద్దేశం ఉంటే చాలు అనుకునేవాళ్ళకి ఇదొక్కటి చెప్తే చాలు.

సరే, ఒక ఆశ్రమానికి సాయం చేయాలనుకున్నారు, నడిపేవాళ్ళకి ఫోన్ చేసి నేరుగా అడగండి, మొహమాటం వద్దు. ఎంతమంది పిల్లలకి అమ్మో నాన్నో ఉన్నారు? పోయిన సంవత్సరం ఎంతమంది తిరిగి ఇంటికెళ్ళారు? బంధువులు చూడ్డానికొస్తే రానిస్తారా? ప్రభుత్వ లైసెన్స్ ఉందా, ఆఖరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది? అన్నిటికంటే ఎక్కువ చెప్పేది రెండో ప్రశ్న, ఒక్కరు కూడా ఇంటికెళ్ళలేదు అంటే అక్కడ పిల్లల్ని తీసుకోవడమే ఉంది, తిరిగి అప్పజెప్పడం లేదు. మనం తలకి ఇంత అని స్పాన్సర్ చేస్తున్నప్పుడు మంచాలు నిండితేనే వాళ్ళకి డబ్బొస్తుంది, అలాంటిచోట పేద తల్లికి బిడ్డని పంపు, చదివిస్తాం అని చెప్పడం ఎంత తేలికో ఆలోచించండి. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చేటప్పుడు ఆశ్రమాలు నింపడానికి పిల్లల్ని తరలించడం కూడా అందులోకే వస్తుందని గుర్తించింది.

వారం రోజుల మిషన్ ట్రిప్ వేసుకుని ఆశ్రమాలకి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగి రావడం మానేయండి. ఆ బిడ్డకి దగ్గరై వదిలేసి వచ్చే మనుషుల వరసలో మనం ఇంకొకళ్ళం, పైగా ఎవరు పడితే వాళ్ళు లోపలికి రాగలిగే చోట పిల్లలకి భద్రత ఉండదు.

ఆశ్రమం బాగానే నడుస్తోంది, శుభ్రంగా ఉంది, ప్రార్థన కూడా జరుగుతోంది అంటారా, అయినా చిన్న పిల్లలకి కుటుంబం కుటుంబమే. రొమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ పరిశోధనలో ఆశ్రమాల్లో ఉన్న 136 మంది చిన్నారుల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చి చూశారు, ఇళ్ళకెళ్ళిన పిల్లలు ఎదుగుదలలో ముందున్నారు, రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళు మరీను.

ఇక దత్తత. దేశాల మధ్య జరిగే దత్తతల మీద 1993లో కుదిరిన హేగ్ ఒప్పందం చెప్పే వరస మంచిది, దేశం దాటకపోయినా మనసులో పెట్టుకోండి: ముందు సొంత కుటుంబం దగ్గర ఉంచగలమేమో చూడాలి, కుదరకపోతే ఆ దేశంలోనే ఇంకో కుటుంబం, అదీ కుదరకపోతేనే విదేశం. తల్లి ఒప్పుకోలు బిడ్డ పుట్టాకే తీసుకోవాలి, డబ్బు ఆశ చూపించి తీసుకోకూడదు. కాబట్టి ఏజెన్సీని అడగండి, ఆ తల్లితో ఎవరు మాట్లాడారు, ఏ భాషలో, ఇక బిడ్డ మీద తనకి చట్టపరంగా ఏ హక్కూ ఉండదని ఆమెకి నిజంగా అర్థమైందా? చదువుకుని తిరిగొస్తాడనుకుని వేలిముద్ర వేసిన తల్లులున్నారు. కాగితం మీద అనాథ అని ఉంటే సరిపోదు, దక్షిణ కొరియాలో తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా అనాథలుగా రాసి విదేశాలకి పంపారని అక్కడి సత్యశోధన కమిషన్ 2025లో తేల్చింది.

పెళ్ళికాని తల్లి విషయంలో మన సంఘాలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సిగ్గుతో, భయంతో, పాస్టర్ గారు చెప్పారని ఇచ్చేస్తే అది ఒప్పుకోలు కాదు. ఐర్లాండ్‌లో అలాంటి తల్లుల్ని మఠాల వాళ్ళు నడిపే హోముల్లో దశాబ్దాలపాటు ఎలా చూశారో 2021లో కమిషన్ నివేదిక బయటపెట్టాక ప్రధాని పార్లమెంటులో క్షమాపణ అడిగారు. ఆ అమ్మాయికి ముందు ఉండటానికి చోటు, పనికెళ్తే బిడ్డని చూసుకునే మనిషి, సంఘంలో తలెత్తుకుని కూర్చునే వీలు ఇవ్వండి, ఆ తర్వాత కూడా ఇవ్వాలనే అనుకుంటే అప్పుడు మాట్లాడొచ్చు. యాకోబు పత్రిక 1:27లో దిక్కులేని పిల్లలూ విధవరాండ్రూ ఒకే మాటలో ఉన్నారు, మనం మాత్రం పిల్లల్ని తీసుకుని తల్లుల్ని వదిలేస్తున్నాం.

బిడ్డ ఇంటికొచ్చాక కూడా కొన్నున్నాయి. దేవుడు నిన్ను మా కోసమే ఉంచాడు అని ప్రేమతోనే అంటాం, పదేళ్ళ పిల్లకి అది ఇంకోలా వినపడుతుంది, అయితే మా అమ్మ చనిపోవడం కూడా దేవుడు మీ కోసమే చేశాడా అని. ఆ మాట అనకండి. మేం కాపాడాం అని కూడా అనకండి, జీవితాంతం కృతజ్ఞత చూపించాల్సిన అప్పు ఏ బిడ్డ మీదా పెట్టకూడదు. మీ విశ్వాసంలో పెంచండి, అందులో తప్పేం లేదు, కానీ తన పేరు, తన భాష, తన వాళ్ళ గురించి తెలిసిన ప్రతి వివరం భద్రపరిచి తనకి ఇవ్వండి, దత్తత సంగతి చిన్నప్పటి నుంచే చెప్తూ రండి. తన కథని సాక్ష్యంగా స్టేజి మీద మీరు చెప్పకండి, పెద్దయ్యాక చెప్పాలో వద్దో తనే చూసుకుంటుంది.

మీ సంఘం ఇప్పటికే ఏదైనా ఆశ్రమానికి పంపుతుంటే ఇదంతా చదివి రేపే ఆపేయకండి, ఆపితే నష్టపోయేది పిల్లలే. నడిపేవాళ్ళతో కూర్చోండి, కొత్త పిల్లల్ని తీసుకోవడం ఆపమనండి, ఉన్నవాళ్ళలో ఎవరి కుటుంబం ఎక్కడుందో వెతకడానికి మంచి సోషల్ వర్కర్‌ని పెట్టి ఆ జీతం మీరివ్వండి. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే ఆ బిడ్డని పంపకూడదు, ఒక్కో ఇంటిని విడిగా చూడాల్సిందే, పంపాక కూడా వెళ్ళి చూస్తూ ఉండాలి. ఇన్నాళ్ళూ ఆ బిడ్డ పేరుతో ఆశ్రమానికి పంపిన కానుకనే ఇప్పుడు ఆ తల్లికో అమ్మమ్మకో పంపండి.