కెన్యా బడి మైదానంలో క్రికెట్, హెచ్‌ఐవీ పాఠం: సేవకు వెళ్ళే కోచ్‌లకు

ఆట ఆడిస్తూ ఆరోగ్యం గురించి చెప్పే పద్ధతి ఆఫ్రికాలో బాగా వేళ్ళూనుకుంది. 2002లో జింబాబ్వేలో మొదలైన గ్రాస్‌రూట్ సాకర్ ఫుట్‌బాల్‌తో ఈ పని చేస్తోంది. బ్రిటన్ సంస్థ క్రికెట్ వితౌట్ బౌండరీస్ క్రికెట్‌తో చేస్తోంది. కెన్యాలోని లైకీపియాలో మసాయి తెగ యువకుల జట్టు మసాయి క్రికెట్ వారియర్స్ తమ సంప్రదాయ ఎర్ర బట్టలతోనే బరిలోకి దిగి, హెచ్‌ఐవీతో పాటు ఆడపిల్లల జననాంగ కోత, బాల్య వివాహాల గురించీ మాట్లాడతారు. క్రికెట్ తెలిసిన తెలుగువాళ్ళు ఇలాంటి పనికి పనికొస్తారు. లీగ్‌లో ఆడిన అనుభవం ఒక్కటే మాత్రం చాలదు. మీరుండేది రెండు మూడు వారాలు. మీరు విమానం ఎక్కాక కూడా పాఠం నడవాలంటే, పిల్లల కంటే ముందు అక్కడి టీచర్లకు నేర్పాలి.

ఎప్పుడు వెళ్ళాలి

మన వేసవి సెలవుల్లో వెళ్ళొద్దాం అనుకోవడమే మొదటి తప్పు. కెన్యాలో పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా పడతాయి, ఏప్రిల్‌లో బడులకు సెలవులు కూడా ఉంటాయి. మైదానం బురద, బడికి తాళం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. జూన్, జూలై మంచి నెలలు: బడులుంటాయి, వాన తక్కువ. నైరోబీ సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి పొద్దున చలేస్తుంది, స్వెట్టర్ పెట్టుకోండి. మొదటి రెండు రోజులు పరిగెత్తితే మీకే ఆయాసం వస్తుంది.

కాగితాలు, సూదులు

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. జీతం లేని సేవను కూడా కొన్ని దేశాలు పనిగానే లెక్కేస్తాయి. ఏ అనుమతి కావాలో పిలిచిన సంస్థతోనే రాతలో చెప్పించుకోండి. పిల్లలతో పని కాబట్టి పాస్‌పోర్ట్ సేవా ద్వారా పోలీస్ క్లియరెన్స్ కూడా తీసి పెట్టుకోండి. అడగని సంస్థ అయితే, పిల్లల భద్రత గురించి వాళ్ళకెంత పట్టింపు ఉందో మీరే ఆలోచించుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, అప్పుడే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఇది లేకుండా కెన్యా, ఉగాండాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. గుడ్డు పడనివాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

మలేరియా మాత్రలు డాక్టరు రాస్తేనే వాడండి. డాక్సీసైక్లిన్ అయితే వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక 4 వారాలు వేసుకోవాలి. ఇది వేసుకుంటున్నప్పుడు ఎండ తగిలితే చర్మం మండుతుంది, రోజంతా మైదానంలో ఉండేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ ఖరీదెక్కువ, కానీ వచ్చాక 7 రోజులతో అయిపోతుంది.

సంచిలో ఏం పెట్టాలి

36 మంది పిల్లలకు 6 ప్లాస్టిక్ బ్యాట్లు, అడుగున దిమ్మె ఉన్న 4 సెట్ల ప్లాస్టిక్ వికెట్లు, 30 కోన్లు, 24 టెన్నిస్ బంతులు. బంతులు ముళ్ళ కంచె అవతల పడి పోతూనే ఉంటాయి, అందుకే అన్ని. లెదర్ బంతి వద్దు. రాళ్ళ నేల మీద అది ఎటు లేస్తుందో తెలియదు, పిల్లలకు ప్యాడ్లుండవు. సామాను పాలిథిన్ సంచుల్లో చుట్టకండి, కెన్యా 2017లో వాటిని నిషేధించింది. రువాండాకూ వెళ్ళేవాళ్ళకు అక్కడా ఇదే నియమం. పచ్చడి సీసా కూడా గుడ్డలోనే చుట్టండి.

గంట పాఠం

36 మందిని 9 మంది చొప్పున నాలుగు గుంపులు చేయండి, గుంపుకో కోచ్ లేదా టీచర్. ముందు 5 నిమిషాలు ఒళ్ళు వేడెక్కాలి, తర్వాత 10 నిమిషాలు విసరడం, పట్టడం. స్వాహిలీలో మూడు మాటలు వస్తే సగం పని అవుతుంది: షికా అంటే పట్టు, పిగా అంటే కొట్టు, కింబియా అంటే పరిగెత్తు. పిల్లలు ఫుట్‌బాల్‌కు అలవాటు పడ్డారు, బంతి దొర్లుకుంటూ వస్తే కాలితో ఆపుతారు. తిట్టకండి, ఆట నియమం మార్చండి: చేత్తో ఆపితే ఒక పాయింటు. బౌలింగ్ విసరడంలా వస్తుంది. పరుగు లేకుండా నిలబెట్టి, 8 మీటర్ల నుంచి మోచెయ్యి వంచకుండా చెవి పక్కగా చేతిని తిప్పమనండి. నిలబడి వచ్చాకే పరుగు.

చివర 25 నిమిషాలు జంట క్రికెట్. జట్టుకు 8 మంది, నాలుగు జంటలు, జంటకు ఒక ఓవర్. గుంపులో తొమ్మిదో పిల్లాడు స్కోరు రాస్తాడు, ఓవర్ ఓవర్‌కూ మనిషి మారాలి. అవుటైనవాళ్ళు బయటికెళ్ళరు, 5 పరుగులు తగ్గుతాయి. మన వీధి క్రికెట్‌లా అవుటైతే గోడ మీద కూర్చోబెడితే, బాగా ఆడేవాళ్ళే ఆడతారు, ఆడపిల్లలు రెండో రోజు రారు.

మాట ఎక్కడ కలపాలి

ఆట అయ్యాక వరసలో నిలబెట్టి ఉపన్యాసమిస్తే ఎవరూ వినరు, వాళ్ళ కళ్ళు బంతి మీదే ఉంటాయి. మాట ఆటలోనే ఉండాలి. మిగిలిన 20 నిమిషాలు దీనికే.

గ్రాస్‌రూట్ సాకర్ ఆడించే బంతి వెతుకులాట టెన్నిస్ బంతితో చక్కగా కుదురుతుంది. ఎనిమిదేసి మంది రెండు వరసల్లో భుజానికి భుజం తగిలించి ఎదురెదురుగా నిలబడతారు. ఒక వరస వీపుల వెనక బంతి చేతులు మారుస్తుంది, రెండో వరస అది ఎవరి దగ్గరుందో చెప్పాలి. నాలుగైదు సార్లయ్యాక అడగండి: మొహం చూసి తెలిసిందా? హెచ్‌ఐవీ కూడా మొహం చూస్తే తెలియదు, పరీక్షే చెబుతుంది. ఇక్కడ తప్పెక్కడ జరుగుతుందంటే, బంతి పట్టుకున్న పిల్లవాణ్ణి తర్వాత అందరూ ఏడిపిస్తారు. అందుకే ఆట పూర్తయ్యేదాకా హెచ్‌ఐవీ పేరెత్తకండి, బంతి అందరి చేతుల్లోంచీ వెళ్ళనివ్వండి.

ఇంకోటి, కోన్ల మధ్యలోంచి బ్యాట్‌తో బంతిని తట్టుకుంటూ వెళ్ళడం. ఒక్కో కోన్ ఒక్కో ప్రమాదం: మద్యం, పరీక్ష చేయించుకోకపోవడం, అలాంటివి. మొదటిసారి కోన్ తగిలిన పిల్లవాడే రెండు బస్కీలు తీస్తాడు, రెండోసారి అతని జట్టంతా, మూడోసారి మైదానమంతా. ఒకరి జబ్బు ఊరంతటి మీదా పడుతుందని పిల్లలే చెబుతారు, మీరు ఆగండి చాలు.

మూడు వికెట్లకు మూడు మాటలు కట్టడం కూడా చేస్తారు: సెక్స్‌కు దూరంగా ఉండటం, ఒక్కరికే కట్టుబడటం, కండోమ్. మూడోది చెప్పాలో వద్దో హెడ్మాస్టర్‌ను ముందే అడగండి. వయసును బట్టి, బడిని బట్టి ఒప్పుకోకపోవచ్చు. మాకు మాత్రం ఈ మూడు మాటలే చాలవనిపిస్తుంది. పుట్టుకతోనే హెచ్‌ఐవీ వచ్చిన పిల్లలు ఆ 36 మందిలో ఉండొచ్చు, వాళ్ళకు ఇవి నింద లాగే వినిపిస్తాయి. ఎయిడ్స్ వస్తే చావే అనకండి. రోజూ మందు వేసుకుంటూ రక్తంలో వైరస్ కనబడనంత తగ్గితే, ఆ మనిషి నుంచి లైంగికంగా సోకదని చెప్పండి. దోమ కుట్టినా, ఒకే కంచంలో తిన్నా, బ్యాట్ పంచుకున్నా రాదనీ చెప్పండి. ఎవరికుంది అని ఎప్పుడూ అడగొద్దు. మోకాలు గీరుకుని రక్తమొస్తే, ఎవరిదైనా సరే, చేతి తొడుగు వేసుకునే కడగండి. పరీక్షలు, సలహాలు స్థానిక ఆరోగ్య కార్యకర్తల పని, మీది కాదు.

పిల్లల ఫోటోలు అనుమతి లేకుండా తీయకండి, ఎవరితోనూ ఒంటరిగా గదిలో ఉండకండి, డబ్బు ఇవ్వకండి. చివరి మూడు రోజులు టీచర్లే పాఠం నడపాలి, మీరు గట్టున కూర్చోండి. కిట్ బడికి అప్పగించేటప్పుడు ఎన్ని బంతులు, ఎన్ని బ్యాట్లు అని రాసి టీచర్ సంతకం తీసుకోండి, లేకపోతే నెలకల్లా అది ఎవరిదో తేలదు.

ఇంటికొచ్చాక నెలో రెండు నెలలో జ్వరం వస్తే, మామూలు జ్వరమేనని పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. ఆఫ్రికా వెళ్ళొచ్చానని డాక్టరుకు చెప్పి అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.