ఏడాది చివర మనల్ని మనం తిట్టుకోకుండా లెక్క చూసుకోవడం ఎలా?

రెండేళ్ల కిందట డిసెంబరు ఆఖరి వారంలో నా డైరీలో ఒక్కటే వాక్యం రాశాను: 'ఈ ఏడాది కూడా ఏమీ చెయ్యలేదు.' డైరీ మూసేసి కేకు ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లాను. మూడు రోజుల తర్వాత కరెంటు బిల్లు రసీదు కోసం ఫోన్లో ఫొటోలు వెతుకుతుంటే అమ్మ మోకాలి ఎక్స్‌రేలు కనిపించాయి. ఆసుపత్రి క్యాంటీన్ టోకెన్లు, చెల్లెలి గృహప్రవేశం, నేను మొదటిసారి స్టీరింగ్ పట్టుకుని దిగిన ఫొటో కూడా ఉన్నాయి. నేను రాసుకున్న వాక్యం పచ్చి అబద్ధమని అప్పుడు తెలిసింది.

ఇదే మాట ఒక స్నేహితురాలు మనతో అంటే ఊరుకుంటామా? 'అదేంటి, మీ అమ్మగారిని నెలన్నర కనిపెట్టుకుని ఉన్నావు కదా' అంటాం. మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరీక్ష తప్పిన పిల్లాణ్ణి నలుగురి ముందు నిలబెట్టి అడిగే మేనమామలా తయారవుతాం. 'పక్కింటివాళ్లను చూడు' అనే గొంతు చిన్నప్పుడు ఎవరిదో. ఇప్పుడు మనదే అయిపోయింది.

అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ ఈ విషయం మీదే పనిచేశారు. మనిషికి తన మీద తనకు ఎంత దయ ఉందో కొలవడానికి 2003లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. ఆమె దృష్టిలో ఈ దయకు మూడు భాగాలు. బాధను దాచకుండా, పెంచకుండా ఉన్నది ఉన్నట్టు చూడటం ఒకటి. ఇలాంటివి నా ఒక్కరికే కాదు, మనుషులందరికీ జరుగుతాయని గుర్తుంచుకోవడం రెండోది. తిట్టుకునే బదులు ఆప్యాయంగా మాట్లాడుకోవడం మూడోది. కింద చెప్పే పద్ధతి దాదాపు ఈ వరసలోనే నడుస్తుంది. ఒక గంటన్నర, ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను ఉంటే చాలు.

1. రోజు కుదుర్చుకోండి, 31 రాత్రి మాత్రం వద్దు

ఆ రాత్రి టీవీ మోగుతుంటుంది, వాట్సాప్‌లో శుభాకాంక్షలు వరదలా వచ్చిపడతాయి, అందరూ మనకంటే బాగున్నట్టే కనిపిస్తారు. లెక్క చూసుకోవడానికి అంతకంటే చెడ్డ సమయం ఉండదు. క్రిస్మస్ తర్వాత ఏదో ఒక ఉదయం పెట్టుకోండి. అప్పుడు కుదరకపోతే సంక్రాంతి లోపు ఎప్పుడైనా ఫరవాలేదు. మనకు భోగి ఉంది, ఆ తర్వాత ఉగాది ఉంది. కొత్త ఏడాదికి ఒకటే గుమ్మం ఉండాలని ఎవరూ అనలేదు.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. 'ఒక గంటన్నర నన్ను పిలవకండి' అని చెప్పడమే చాలామంది ఆడవాళ్లకు మొత్తం పనిలో కష్టమైన అంచె. ఇంట్లో కుదరదనుకుంటే గుడి మండపమో, పార్కు బెంచో, మేడ మీద నీళ్ల ట్యాంకు నీడో చూసుకోండి.

2. జ్ఞాపకాన్ని నమ్మకండి, ఆధారాలు తీయండి

మనసుకు చివరి రెండు నెలలు, బాగా గుచ్చుకున్న రెండు మూడు సంగతులే పైకి తేలుతాయి. మిగతాదంతా అడుగునే ఉండిపోతుంది. అందుకే ఈ అంచెలో మొహమాటం లేకుండా సమయం పెట్టండి. నా అనుభవంలో సగం పని ఇక్కడే అయిపోతుంది.

నోటు పుస్తకంలో జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు పేర్లు, మధ్యలో చోటు వదిలి రాయండి. తర్వాత ఫోన్లో ఫొటోలు నెలవారీగా తెరవండి. ఒక్కో నెలకు మూడు నాలుగు ముక్కలు రాస్తే చాలు: 'మార్చి: పెద్దాడి పరీక్షలు. ఆఫీసులో కొత్త మేనేజరు. రెండు వారాలు దగ్గు.' ఫొటోలు చెప్పని సంగతులు బ్యాంకు మెసేజ్‌లు చెబుతాయి. మందుల షాపుకి ఎన్నిసార్లు డబ్బు పంపారో, ఊరికి ఎన్నిసార్లు టికెట్లు తీశారో, ఎవరికి అప్పిచ్చి మర్చిపోయారో అక్కడ ఉంటుంది. క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కన గీసుకున్న గుర్తులు కూడా పనికొస్తాయి.

ఇంకో వరసలో ఎవరూ లెక్కపెట్టని పనులు రాయండి. మామగారిని నెలనెలా చెకప్‌కి తీసుకెళ్లడం, పిల్లకు ఎక్కాలు చెప్పడం, గొడవ పడ్డ ఇద్దరు తోబుట్టువుల మధ్య ఫోన్లు చేసి సర్దిచెప్పడం లాంటివి. వీటికి జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. అందుకే 'ఏమీ చెయ్యలేదు' అనేటప్పుడు ఇవి గుర్తుకు రావు. నేను ఈ వరస రాసినప్పుడు నా పేజీలో మిగతా వాటికంటే ఇదే పొడుగ్గా వచ్చింది.

3. జరిగింది రాయండి, తీర్పు రాయకండి

ఇప్పుడు అనుకుని చెయ్యలేకపోయినవి. నా లెక్కలో పెద్దది కారు డ్రైవింగ్. మొదట ఇలా రాశాను: 'డబ్బు కట్టి మానేశాను. నాకు పట్టుదల లేదు.' ఇందులో మొదటిది మాత్రమే జరిగిన సంగతి. రెండోది తీర్పు. దాన్ని కొట్టేసి మళ్లీ రాశాను: 'ఆగస్టులో 11 క్లాసులకు వెళ్లాను. పన్నెండో రోజు మా గేటుకే కారు గీసుకుంది. నేర్పేవాడు అరిచాడు. వీధిలో నలుగురు చూశారు. మర్నాడు అమ్మ ఆపరేషన్ తేదీ వచ్చింది. ఆమె కోలుకున్నాక మళ్లీ వెళ్లలేదు, సిగ్గుపడ్డాను.'

చూడండి, రెండోసారి రాసింది నన్ను వెనకేసుకు రావడం కాదు. సిగ్గుపడి మానేశానని అందులోనే ఉంది. కానీ పట్టుదల లేదన్న దాంతో ఏం చెయ్యగలం? సిగ్గుతో ఏదైనా చెయ్యొచ్చు. ఎవరూ లేవని పొద్దున్నే నడపొచ్చు, ఇంకో మనిషి దగ్గర నేర్చుకోవచ్చు.

పేజీలో 'ఎప్పుడూ', 'ఏదీ', 'నా బతుకే ఇంత' లాంటి మాటలు కనిపించిన చోటల్లా ఆగి, వాటి బదులు తేదీ, సంఖ్య, పేరు పెట్టండి. బద్ధకస్తుణ్ణి అన్న చోట 'జనవరిలో 19 రోజులు నడిచాను, ఫిబ్రవరిలో ఆగింది' వస్తుంది. దీంతో మంట సగం తగ్గుతుంది.

4. ఎక్కువ గుచ్చుకునేదాని గురించి మీకే ఒక ఉత్తరం

పేజీలో ఒక చోట పెన్ను ఆగుతుంది. పోయిన ఉద్యోగం, తెగిన సంబంధం, అన్నాక వెనక్కి తీసుకోలేని మాట. దాని గురించి 15 నిమిషాలు ఆపకుండా రాయండి. అచ్చుతప్పులు చూడొద్దు, ఎవరికీ చూపించొద్దు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ కలిసి కాలేజీ విద్యార్థులతో ఇలాంటి ప్రయోగమే చేశారు: రోజుకు పదిహేను నిమిషాలు, వరసగా నాలుగు రోజులు. కష్టమైన అనుభవాన్నీ, అప్పటి తమ భావాలనూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో కాలేజీ డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే మాత్రం వాళ్లకు దిగులు పెరిగింది. అందుకే పడుకునే ముందు రాయకండి. రాసిన తర్వాత చెయ్యడానికి ఒక చిన్న పని పెట్టుకోండి, మొక్కలకు నీళ్లు పోయడమో, టీ పెట్టుకోవడమో.

ఇప్పుడు పేజీ తిప్పి అదే సంగతికి జవాబు రాయండి. ఈసారి మీరు మీకు స్నేహితులు. మీ పేరుతోనే మొదలుపెట్టండి, ఇంట్లో పిలిచే ముద్దుపేరైతే ఇంకా మంచిది. 'నేను' అని కాకుండా పేరు పెట్టి మాట్లాడుకుంటే కాస్త ఎడంగా నిలబడి చూడగలుగుతాం. మొదటి రెండు వాక్యాలు సినిమా డైలాగుల్లా వస్తాయి, నవ్వొస్తుంది, రానివ్వండి. ఏం రాయాలో తోచకపోతే ఈ మూడు ప్రశ్నలు పట్టుకోండి: అప్పుడు నీకు నిజంగా ఎంత కష్టంగా ఉండింది? ఇలాంటిది మనకు తెలిసినవాళ్లలో ఇంకెవరికి జరిగింది? అప్పుడు నీకు తెలిసినంతలో నువ్వు ఏం చెయ్యగలిగావు?

రెండో ప్రశ్న దగ్గర జాగ్రత్త. ఎవరికి జరిగిందో గుర్తుచేసుకోమన్నది పోల్చుకోవడానికి కాదు. 'వాళ్లకు అంతకంటే పెద్ద కష్టం వచ్చింది, నీదో లెక్కా' అనే మాట మనకు తేలిగ్గా వచ్చేస్తుంది. అది దయ కాదు, మర్యాదగా నోరు మూయించడం.

ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఈ అంచెను వదిలేయొచ్చు, సమయం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. రాస్తుంటే బతకాలనిపించనంత దిగులు కమ్ముకుంటే పుస్తకం మూసి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. మానసిక ఆరోగ్య సాయం కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

5. మెత్తబడితే చెడిపోతామన్న భయం

మా పెదనాన్న ఇది చదివితే 'వీపు నిమురుకుంటూ కూర్చుంటే పనులవుతాయా?' అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ దీన్ని పరీక్షించారు. విద్యార్థులకు కఠినమైన పదాల పరీక్ష ఒకటి పెట్టారు. బాగా రాయలేకపోయినవాళ్లలో కొందరికి 'ఇది చాలామందికి కష్టంగానే ఉంటుంది, మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి' అన్న ధోరణిలో చెప్పారు. రెండో పరీక్షకు ముందు ఎక్కువసేపు చదివింది ఆ మాట విన్నవాళ్లే. తిట్టు తిన్న మనిషి ముందు ఆ తిట్టు నుంచి తప్పించుకోవాలని చూస్తాడు, పుస్తకం తర్వాత సంగతి. నేను డ్రైవింగ్ స్కూలు ఉన్న వీధి మానేసి నాలుగు నెలలు చుట్టుదారిన వెళ్లాను.

మీ వల్ల ఇంకొకరికి బాధ కలిగి ఉంటే మాత్రం ఉత్తరంతో సరిపెట్టకండి. ఫోన్ చెయ్యండి. 'ఆ రోజు నేను అన్న మాట తప్పు, క్షమించు' అంటే చాలు. వెనకే 'కానీ నువ్వు కూడా' అని తగిలిస్తే అంతా పాడవుతుంది.

6. కొన్నిటిని కొట్టేయండి

ప్రతి ఏడాదీ జాబితాలోకి ఎక్కి, ప్రతి ఏడాదీ మిగిలిపోయేవి కొన్ని ఉంటాయి. వాటి పక్కన 'ఇది ఎవరి కోరిక?' అని రాయండి. నా పేజీలో ఆరేళ్లుగా 'ఎంబీఏ' ఉంది. నాకు ఎంబీఏ మీద ఆసక్తి లేదని, మా బావగారికి ఉందని ఈ ప్రశ్న వేసుకున్నాకే తెలిసింది. కొట్టేశాను. ఇలా కొట్టేసినవాటిని చీటీల మీద రాసి భోగిమంటలో వెయ్యొచ్చు, పాత చీపురుతో పాటు. పిల్లలకు కూడా సరదాగా ఉంటుంది. ప్లాస్టిక్, టైర్లు మాత్రం వెయ్యకండి.

7. ఒక్క పని, దానికి ఒక కొక్కెం

మిగిలినవాటిలో ఒకటే తీసుకోండి. ఇల్లు అలకగానే పండగ కాదు కాబట్టి, ఆ ఒక్కదానికైనా ఎప్పుడు, ఎక్కడ అన్నది ఇప్పుడే రాయాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే: 'ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను' అని ముందే ముడిపెట్టుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుంది. 'ఆరోగ్యం చూసుకుంటాను' అనకుండా 'రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లొస్తాను' అనండి. నాది: 'ఆదివారం పొద్దున పాలు తెచ్చాక, ఫ్రిజ్‌లో పెట్టి, కారు తాళాలు తీస్తాను. కాలనీ చుట్టూ రెండు రౌండ్లు.'

21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట నమ్మి 22వ రోజున నిరాశపడకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా రాలేదు కూడా. కాబట్టి తప్పిన రోజు ఏం చెయ్యాలో అదే కాగితం మీద రాసి పెట్టుకోండి: 'ఒకసారి తప్పితే కారణం ఒక ముక్క రాస్తాను, తర్వాతిసారి సగమే చేస్తాను, కానీ చేస్తాను.'

8. కవరులో పెట్టి ఉగాది దాకా దాచండి

ఆ కాగితాన్నీ, మీకు మీరు రాసుకున్న జవాబునూ ఒక కవరులో పెట్టి, పైన ఉగాది తేదీ వేసి, పంచాంగంలోనో బీరువాలో పట్టుచీరల కిందో పెట్టండి. జనవరి 1న మొదలుపెడితే 66వ రోజు మార్చి మొదటి వారంలో వస్తుంది. ఉగాది దాదాపు ఎప్పుడూ ఆ తర్వాతే. పచ్చడి తిన్నాక తెరవండి. చదివి, జరిగింది రాయండి. తీర్పు ఈసారీ వద్దు.

నేను కవరు తెరిచిన రోజు చూస్తే, క్యాలెండరులో 12 ఆదివారాల్లో 8 ఆదివారాలకే పెన్నుతో టిక్కు ఉంది. ఒక ఆదివారం జ్వరం, ఒక ఆదివారం పెళ్లి, రెండింటికి కారణం దగ్గర 'భయం' అని రాసి ఉంది. రామాలయం ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇంజిన్ ఇప్పటికీ ఆగిపోతోంది. వెనకవాళ్లు హారన్ కొడతారు. తాళం తిప్పి మళ్లీ స్టార్ట్ చేస్తాను.