లివర్ జబ్బు ఉన్నవాళ్లకు వైరల్ జ్వరం వస్తే ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మా ఆయనకు సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయే జబ్బు) అని తేలి తొమ్మిదేళ్లయింది. ఈలోగా ఫ్లూ వచ్చింది, కోవిడ్ రెండుసార్లు వచ్చింది, పేరు తెలియని జలుబు జ్వరాలకైతే లెక్కే లేదు. అన్నిటినీ డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడుతూ ఇంట్లోనే దాటించాం, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి ఆసుపత్రి పాలు చేసింది వైరస్ కాదు, ఒక మందుబిళ్ల. తెలిసినవాళ్ల ఇళ్లలో అదే పొరపాటు మళ్లీ మళ్లీ జరగడం చూశాక ఇది రాయక తప్పలేదు.

ఇందులో చెప్పేది ముఖ్యంగా సిర్రోసిస్ ఉన్నవాళ్లకు, దీర్ఘకాలంగా హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లకు, ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు (సొంత రోగనిరోధక శక్తే లివర్‌ను దెబ్బతీసే జబ్బు) మందులు వాడుతున్నవాళ్లకు. ఫ్యాటీ లివర్ తొలిదశలో ఉన్నవాళ్లకు ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు కానీ, మూడో అంశం మాత్రం వాళ్లూ చదవాలి. లివర్ మార్పిడి అయినవాళ్లు ఇంటి వైద్యం ఆలోచనే పెట్టుకోకుండా, జ్వరం తగిలిన రోజే తమ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లకు ఫోన్ చేయాలి.

1. జ్వరం రాకముందే సిద్ధంగా ఉంచాల్సినవి

డిజిటల్ థర్మామీటర్, పల్స్ ఆక్సీమీటర్, బీపీ మిషన్, బరువు చూసుకునే మిషన్, ఒక నోటుబుక్, పెన్ను. ఫోన్లో రాసుకుంటామంటే కుదరదు. నోటుబుక్కే ఉండాలి. రాత్రి రెండింటికి మనం కునుకు తీస్తుంటే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, వాళ్లకు మన ఫోను తెరవడం రాదు.

ఆ నోటుబుక్కు చివరి పేజీలో, ఒంట్లో బాగున్నప్పుడు చేయించిన రక్తపరీక్షల అంకెలు రాసిపెట్టండి: ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, బిలిరుబిన్, అల్బుమిన్, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది), సోడియం, ఐఎన్ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పేది). ఎందుకో చెబుతాను. సిర్రోసిస్‌లో ప్లీహం పెరిగి రక్తకణాలను తనలో పట్టి ఉంచుకుంటుంది. అందుకే చాలామందికి ఏ జ్వరమూ లేని రోజుల్లోనే ప్లేట్‌లెట్లు 70,000, 80,000 దగ్గర ఉంటాయి. కొత్త డాక్టరు ఆ అంకె చూసి డెంగీ ఏమో అని కంగారుపడతారు. తెల్లకణాలదీ ఇదే కథ. ఎప్పుడూ 3,000 ఉండే మనిషికి ఇప్పుడు 7,000 ఉంటే కాగితం మీద అది మామూలే, ఆ మనిషికి మాత్రం రెట్టింపు పైమాటే. పాత అంకె పక్కన లేకపోతే కొత్త అంకెకు అర్థం లేదు.

2. మొదటి రోజే ఫోన్ చేయండి

రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు. ఫ్లూ అయితే ఒసెల్టమివిర్ లాంటి మందు 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ప్రయోజనం. కోవిడ్‌కు వాడే నిర్మాట్రెల్విర్–రిటోనావిర్ జోడీ లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు పనికిరాదు, పైగా చాలా మందులతో పడదు. కాబట్టి వాడుతున్న మందుల జాబితా మొత్తం చదివి వినిపించాలి.

ఇంకో సంగతి. జ్వరం వచ్చిందంటే వైరలే అని మనంతట మనం తేల్చేయకూడదు. పొట్టలో నీరు చేరి ఉన్నవాళ్లకు ఆ నీటికే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ సోకవచ్చు. జలుబు లేదు, దగ్గు లేదు, జ్వరమూ కడుపునొప్పీ మాత్రం ఉన్నాయంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి పొట్టలో నీరు తీసి పరీక్ష చేయించాలి. కొందరిలో జ్వరం కూడా ఉండదు, ఉన్నట్టుండి నీరసం, మాట తడబాటు మాత్రమే కనిపిస్తాయి.

3. జ్వరం బిళ్ల: అసలు జాగ్రత్తంతా ఇక్కడే

ఇక్కడ నిదానంగా చదవండి.

ప్యారాసెటమాల్ లివర్‌ను పాడుచేస్తుందని అందరూ ఎక్కడో ఒకచోట విన్నవాళ్లే. అందుకని లివర్ జబ్బు ఉన్న మనిషికి జ్వరం రాగానే దాన్ని పక్కనపెట్టి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ఇస్తారు. ‘ఇది లివర్‌కు మంచిది’ అనుకునే ఇస్తారు. ఇది పూర్తిగా తలకిందుల లెక్క. సిర్రోసిస్‌లో కిడ్నీలకు రక్తం సరిగా అందడానికి శరీరంలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు ఆసరా. ఈ నొప్పి మందులు సరిగ్గా ఆ ఆసరానే తీసేస్తాయి. మూత్రం తగ్గుతుంది, కాళ్లకు, పొట్టకు నీరు వస్తుంది, నీరు తగ్గడానికి వేసుకునే బిళ్లలు పనిచేయడం మానేస్తాయి. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నవాళ్లకు రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నిమెసులైడ్ అయితే నేరుగా లివర్‌నే దెబ్బతీయగలదు.

మా ఇంట్లో జరిగింది ఇదే. ఫ్లూ మూడో రోజు ఆయనకు ఒళ్లంతా నొప్పులు. నేను స్నానానికి వెళ్లినప్పుడు మా మరిది మందుల షాపులో అడిగి ఒళ్లునొప్పుల బిళ్లలు తెచ్చాడు, ప్రేమతోనే. ఎసిక్లోఫెనాక్, ప్యారాసెటమాల్ కలిపిన బిళ్లలవి. ఆయన నాకు చెప్పకుండా రెండు రోజులు వేసుకున్నారు. మూడో రోజుకు మూత్రం సగానికి పడిపోయింది, చీలమండలు నొక్కితే సొట్టపడ్డాయి, క్రియాటినిన్ రెట్టింపైంది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఫ్లూ మాత్రం నాలుగో రోజుకే తగ్గిపోయింది.

కాబట్టి జ్వరానికి వాడాల్సింది ప్యారాసెటమాలే, కానీ తక్కువ మోతాదులో. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు సాధారణంగా చెప్పే హద్దు 24 గంటల్లో 2 గ్రాములు. రోజూ మద్యం తాగేవాళ్లు, తిండి లేక బాగా చిక్కిపోయినవాళ్లు ఆ మాత్రం కూడా డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మామూలు మోతాదులో ప్యారాసెటమాల్‌లో చాలాభాగం లివర్‌లో హాని లేకుండా మారి మూత్రంలో పోతుంది. కొద్దిభాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. దాన్ని అణిచేది గ్లూటాథయోన్. మద్యం అలవాటు, పస్తులు ఈ గ్లూటాథయోన్ నిల్వను తగ్గించేస్తాయి. మోతాదు ఎందుకు తగ్గించాలో, జ్వరంలో తిండి ఎందుకు మానకూడదో రెండిటికీ జవాబు ఇందులోనే ఉంది.

500 మిల్లీగ్రాముల బిళ్లలే తెచ్చుకోండి. 650వి వద్దు. 500వి నాలుగైతే 2,000, లెక్క ఎవరికైనా వస్తుంది. 650వి మూడుకే 1,950 అవుతుంది, నిద్రమత్తులో నాలుగోది పడిందంటే హద్దు దాటినట్టే. బిళ్లకూ బిళ్లకూ కనీసం ఆరు గంటలు ఎడం ఉండాలి. వేసుకున్న వెంటనే నోటుబుక్కులో టైము రాయాలి, ‘తర్వాత రాద్దాం’ అంటే ఒప్పుకోవద్దు. జ్వరం 101 దాటితేనో, వణుకుతో నిద్రపట్టకపోతేనో బిళ్ల వేయాలి. 99.5కి వేయక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిస్తే సరిపోతుంది. గడియారం చూసి ఆరు గంటలకోసారి వేసేయమనేవాళ్లు ఉంటారు, అది నేను ఒప్పుకోను. అలా వేస్తే జ్వరం ఎప్పుడు తగ్గిందో మనకే తెలియదు, అక్కర్లేని బిళ్లలు రెండు మూడు అదనంగా లోపలికి పోతాయి.

ఇక దొంగచాటుగా వచ్చే ప్యారాసెటమాల్. జలుబు బిళ్లలు చాలావాటిలో అది ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. ఎసిటమినోఫెన్ అని రాసి ఉన్నా అదీ ఇదే. ఇటు జ్వరం బిళ్ల, అటు జలుబు బిళ్ల వేసుకుంటే మనకు తెలియకుండానే లెక్క రెట్టింపవుతుంది. జలుబు బిళ్లల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ మగత తెస్తుంది. ఆ మగత మందువల్లనో లివర్ దెబ్బకు మెదడు మందగించడంవల్లనో ఎవరూ చెప్పలేరు. కొడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, ఆల్కహాల్ కలిసిన సిరప్పులు, నిద్రబిళ్లలు ఏవీ వద్దు. నీళ్లలో వేస్తే పొంగే బిళ్లలు కూడా వద్దు, ఒక్కోదానిలో దాదాపు 400 మిల్లీగ్రాముల సోడియం (ఉప్పులో ఉండేదే) ఉంటుంది.

క్లినిక్‌లో జ్వరానికి సూది వేస్తామంటే, ‘ఏ సూదండీ?’ అని ముందే అడగండి. డైక్లోఫెనాక్ సూది అయినా హాని అదే. మొహమాటపడితే నష్టపోయేది మనమే.

పసర్లు, కషాయాలు, రోగనిరోధక శక్తి పెంచుతాయనే పొడులు అసలే వద్దు. అశ్వగంధ, తిప్పతీగ, గ్రీన్ టీ సారం లివర్‌కు హాని చేసిన కేసులు వైద్యపత్రికల్లో నమోదై ఉన్నాయి. ఇప్పటికే దెబ్బతిన్న లివర్ మీద ఆ ప్రయోగం చేయకండి.

4. రోజూ వాడే మందులు

హెపటైటిస్ బి మందులు (టెనోఫోవిర్, ఎంటెకావిర్) ఒక్కరోజు కూడా మానకూడదు. మానితే అణిగి ఉన్న వైరస్ మళ్లీ విజృంభించవచ్చు. కోవిడ్‌కో మరో జబ్బుకో స్టెరాయిడ్ ఇస్తామంటే మీకు హెపటైటిస్ బి ఉందని ముందే చెప్పండి. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు ప్రెడ్నిసోలోన్ వాడేవాళ్లు దాన్ని హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం రోజుల్లో మోతాదు పెంచాలేమో డాక్టరునే అడగాలి.

వాంతులు, విరేచనాలు అవుతున్నా, నీళ్లు లోపలికి పోకపోయినా, ఒంట్లో నీరు తగ్గించే బిళ్లలు (స్పైరోనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్) ఆ రోజు ఆపాలేమో ఫోన్ చేసి కనుక్కోండి. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాల మీద ఒత్తిడి తగ్గించే ప్రొప్రనోలాల్, కార్వెడిలాల్ వేసుకునేవాళ్లకు పై బీపీ 90 కంటే తగ్గితే అప్పుడూ ఫోన్ చేయాలి. లాక్టులోజ్ (విరేచనం సాఫీగా అయ్యేందుకు ఇచ్చే సిరప్) వాడేవాళ్లకు రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు కావాలి. జ్వరంలో మలబద్ధకం వచ్చిందంటే మెదడు మందగిస్తుంది, అతిగా విరేచనాలైతే ఒంట్లో నీరు పోయి అప్పుడూ అదే జరుగుతుంది.

5. తిండి

లంఖణం పరమౌషధం అన్న మాట సిర్రోసిస్‌కు వర్తించదు. ఆరోగ్యవంతులు రెండు మూడు రోజులు పస్తుంటే శరీరం ఏ స్థితికి చేరుతుందో, సిర్రోసిస్ ఉన్నవాళ్లు ఒక్క రాత్రి తినకపోతే దాదాపు ఆ స్థితికే చేరతారు. లివర్‌లో దాచుకున్న చక్కెర తక్కువ కాబట్టి శరీరం కండను కరిగించుకుంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా పెట్టండి, పడుకునేముందు తప్పనిసరిగా ఏదో ఒకటి తినిపించండి. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డు, పాలు, పప్పు ఆపేయడం పాతకాలపు సలహా. ఉప్పు మాత్రం జ్వరంలోనూ తగ్గించే ఉండాలి. పొట్టలో నీరున్నవాళ్లు ఓఆర్ఎస్ తాగేముందు డాక్టరును అడగాలి, అందులోనూ ఉప్పుంది.

6. రోజూ చూడాల్సినవి

పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు. మూడు పూటలా జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్. మూత్రం ఎన్నిసార్లు, ఏ రంగు.

వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది సంతకం. రోజూ ఒకే సమయానికి ఆయన చేత నోటుబుక్కులో పేరు రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టిస్తాను. మెదడు మందగించడం మొదలవుతుంటే అక్షరాలు వంకర తిరుగుతాయి, తేదీ తప్పుతుంది. పగలు నిద్ర, రాత్రి మెలకువ అయినా అదే సూచన. ఆ మనిషికి తన మార్పు తెలియదు, ‘బానే ఉన్నాను’ అంటారు. ఆ మాట నమ్మకుండా నిన్నటి పేజీ, ఇవాళ్టి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి.

7. ఎప్పుడు ఆసుపత్రికి బయల్దేరాలి

నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, మాట తడబడటం, లేపినా సరిగా లేవకపోవడం, ఊపిరాడకపోవడం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, రోజంతా మూత్రం బాగా తగ్గిపోవడం, కళ్లు కొత్తగా పచ్చబడటం, కడుపునొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రా పగలా అని చూడొద్దు. జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గి మళ్లీ వచ్చినా వెళ్లాల్సిందే. నోటుబుక్కు, వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

8. జ్వరం తగ్గాక

రెండు వారాలకు రక్తపరీక్ష చేయించండి. వైరల్ జ్వరం తర్వాత లివర్ ఎంజైములు కాస్త పెరిగి ఉండటం మామూలే, తగ్గుతున్నాయా లేదా అన్నది డాక్టరుగారు చూస్తారు. ఆపిన మందులు ఏ రోజు మళ్లీ మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడిగి రాసుకోండి. ఏటా ఫ్లూ టీకా (ముక్కులో వేసేది కాదు, సూదిది), న్యుమోకోకల్ టీకా (న్యుమోనియా రాకుండా వేసేది), రక్షణ లేకపోతే హెపటైటిస్ ఎ, బి టీకాలు వేయించండి. ఇంట్లో కలిసి ఉండేవాళ్లూ ఫ్లూ టీకా వేయించుకోవాలి. తర్వాత అయిపోయిన ప్యారాసెటమాల్ అట్ట కొత్తది తెచ్చిపెట్టి, నోటుబుక్కు చివరి పేజీలో పాత అంకెల కింద కొత్త అంకెలు, తేదీతో సహా రాయండి.