పెళ్లికి వజ్రపుటుంగరం కొంటున్నారా? షాపులో ఏం చూడాలి, ఏం అడగాలి

షాపుకి వెళ్లకముందే బడ్జెట్ తేల్చుకోండి. బంగారం, రాయి, మజూరీ, 3 శాతం జీఎస్టీ అన్నీ కలిపి ఎంత అన్నది ఇంట్లోనే అనుకుని, ఆ అంకె సేల్స్‌మ్యాన్‌కి మాత్రం చెప్పకండి, చెప్తే చూపించే ప్రతి ఉంగరం సరిగ్గా అక్కడికే వస్తుంది. సోమాజిగూడ, పంజాగుట్ట షోరూమ్‌లతో పాటు బషీర్‌బాగ్‌లోనో సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనో కూడా ఒకసారి అడగండి. గోల్కొండ వజ్రాల ఊరు కదా, ఇక్కడ చవగ్గా దొరుకుతాయేమో అనుకుంటారు కొందరు. ఆ రాళ్లు కృష్ణా ఒడ్డున కొల్లూరు లాంటి గనుల నుంచి వచ్చేవి, ఆ కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు మన షాపుల్లో ఉండేవి ఎక్కువగా సూరత్‌లో సానబట్టినవే.

రాయి ఎంచుకోవడంలో నాలుగు విషయాలున్నాయి: బరువు, రంగు, క్లారిటీ (లోపల మచ్చలు, గీతలు ఎంత తక్కువన్నది), కట్ (రాయిని సానబట్టిన తీరు). షాపులో ఎక్కువగా వినిపించేది 'వీవీఎస్, ఈఎఫ్ అండీ' అన్న మాటే, అంటే క్లారిటీ, రంగు. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది కట్ మీద. కోణాలు సరిగ్గా లేకపోతే లోపలికి వెళ్లిన వెలుగు పైకి రాకుండా అడుగు నుంచే పోతుంది, అప్పుడు ఎంత మంచి రంగైనా రాయి డల్‌గానే ఉంటుంది. గుండ్రటి రాయికి సర్టిఫికెట్‌లో కట్ 'ఎక్సలెంట్' అని ఉండేలా చూసుకుని మిగతావాటిలో సర్దుకోవచ్చు. రంగుకి డి (అసలు రంగు లేనిది) నుంచి జడ్ (పసుపు తేలేది) దాకా గ్రేడ్లుంటాయి, పసుపు బంగారంలో పొదిగిస్తే హెచ్, ఐ కూడా చక్కగా ఉంటాయి. క్లారిటీకి వీవీఎస్ కన్నా కింద ఉండే వీఎస్2 చాలు. వీవీఎస్‌కీ దానికీ తేడా పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దంలోనే తెలుస్తుంది, పెళ్లికొచ్చినవాళ్లు భూతద్దం పట్టుకుని రారు కదా.

బరువులో ఒక కిటుకుంది. క్యారెట్ అంటే 0.2 గ్రాములు, వంద సెంట్లు. సరిగ్గా క్యారెట్ దాటగానే రేటు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి 90 సెంట్ల రాయి చూపించమనండి, పైనుంచి చూస్తే ఆ తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు.

షోరూమ్ స్పాట్‌లైట్ల కింద ఏ రాయైనా ధగధగలాడుతుంది. అందుకే ఉంగరాన్ని అద్దాల తలుపు దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూస్తామని అడగండి. మొహమాటపడకండి, లక్షలు పెట్టేది మీరు.

తర్వాత సర్టిఫికెట్. జీఐఏ, ఐజీఐ లాంటి వజ్రాలు పరీక్షించే ల్యాబ్‌లవి తీసుకోండి. చాలా రాళ్లకి అంచు మీద సర్టిఫికెట్ నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది, దాన్ని భూతద్దంలో చూపించమని, అదే నంబరు ల్యాబ్ వెబ్‌సైట్‌లో అక్కడే కొట్టి చూడండి. గనిలో తవ్వింది కాకుండా యంత్రాల్లో తయారుచేసిన 'ల్యాబ్‌లో పెంచిన' వజ్రం కూడా వజ్రమే, కంటికి తేడా తెలియదు, మామూలు టెస్టర్ పెన్ను కూడా పట్టుకోలేదు. ధర చాలా తక్కువ, తిరిగి అమ్మితే వచ్చేదీ తక్కువే. తెలిసి కొంటే తప్పేం లేదు, కానీ ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.

ఉంగరానికి 18 క్యారెట్ల బంగారం మంచిది, 22 మెత్తగా ఉండి రాయిని గట్టిగా పట్టదు. హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. బిల్లులో బంగారం బరువు రాయి తీసేసి వేశారా చూడండి: ఉంగరం 4 గ్రాములు, రాళ్లు 50 సెంట్లు అయితే బంగారం 3.9 గ్రాములే. ఆషాఢం ఆఫర్లలో 'మజూరీ సగం' అన్నా చివరి మొత్తాన్నే పక్క షాపుతో పోల్చండి. బైబ్యాక్ (తిరిగి వాళ్లకే అమ్మితే ఇచ్చేది) ఎంత శాతమో, రాయికి ఎంతో బంగారానికి ఎంతో విడివిడిగా కాగితం మీద తీసుకోండి.

సైజు సాయంత్రం పూట ఇప్పించండి, పొద్దున వేళ్లు సన్నగా ఉంటాయి. డబ్బు కట్టేముందు ఉంగరాన్ని పట్టుచీర కొంగు మీద మెల్లగా రాసి చూడండి, దారం తగులుకుంటే రాయిని పట్టుకునే కొక్కేలు సరిగ్గా వంగలేదన్నమాట, సరిచేసి ఇమ్మనండి.