రాత్రిపూట ఇంట్లో వచ్చే చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం ఎలా

ఈ చప్పుళ్ళు పగలు కూడా ఉంటాయండి, మనకి వినపడవు అంతే. లైటు ఆర్పి పడుకున్నాక మొదలవుతుంది టక్, టక్ అని. వెంటనే లేచి ఇల్లంతా వెతక్కండి, పడుకునే రెండు సంగతులు చూస్కోండి, ఆ చప్పుడు ఒకే లెక్కలో వస్తోందా లేక దానిష్టం వచ్చినప్పుడు వస్తోందా, ఏదైనా స్విచ్ ఆపితే ఆగుతోందా. సగం దొంగలు ఇక్కడే దొరికిపోతారు.

ఒకే లెక్కలో వస్తుంటే ముందు ఫ్యాన్ మీదే అనుమానపడాలి. స్పీడ్ తగ్గించినప్పుడు చప్పుడు కూడా నెమ్మదించిందా, ఇంక డౌటే లేదు. ఫ్యాన్ ఆపి, పూర్తిగా ఆగాక రెక్కల స్క్రూలు బిగించండి, పైన రాడ్డుకుండే కప్పు కూడా చూడండి, అది జారి తగులుతున్నా ఇదే గోల. తక్కువ స్పీడ్‌లో మాత్రమే జుయ్‌మని మూలిగి ఫుల్ స్పీడ్‌లో మానేస్తే అది రెగ్యులేటర్ వల్ల, స్క్రూలు తిప్పి లాభం లేదు.

ఫ్యాన్ ఆపినా ఆగలేదంటే కుళాయి. చుక్క నీళ్ళకి తగిలితేనే ఆ టప్‌మనే చప్పుడు అనుకునేవాణ్ణి నేను, కాదంట! 2018లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు హైస్పీడ్ కెమెరా పెట్టి చూశారు, చుక్క పడ్డచోట చిన్న గుంట పడి, దాని అడుగున గాలి బుడగ చిక్కుకుని వణుకుతుంది, దాంతో పాటు పైన నీళ్ళు కూడా వణికి మనకి వినపడేది అదన్నమాట. బకెట్లో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే ఆ చప్పుడు రాదు. లేదా కుళాయికి గుడ్డపీలిక కట్టి కొస నీళ్ళలోకి వదిలేయండి, నీళ్ళు దాని వెంబడే జారిపోతాయి. పొద్దున్నే వాషర్ మార్చాల్సిందే అనుకోండి, కానీ నిద్రయితే పడుతుంది.

ఒక లెక్కా పత్రం లేకుండా ఎప్పుడో ఒకసారి టప్‌మంటే చెక్క తలుపులో, బీరువానో, రాత్రి చల్లబడి ముడుచుకుంటున్నాయి. ఫ్రిజ్‌లో బుడబుడ అంటే గొట్టాల్లో గ్యాస్ తిరుగుతోంది. వీటి జోలికి పోకండి. కుళాయి టక్కున కట్టేసినప్పుడు గోడలో ధన్‌మంటే, పరిగెత్తే నీళ్ళు ఒక్కసారిగా ఆగి పైపుని గుద్దుతున్నట్టు, నిదానంగా కట్టండి, పైపుకి క్లాంపులు వదులైతే బిగించండి.

స్విచ్ బోర్డులో చిటపట వినపడితే మాత్రం ఈ పరిశోధనలేవీ వద్దు, బోర్డు ముట్టుకోకుండా మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.