సింహాచలం అనాసతో వేడివేడి క్రంబుల్ ఎలా చేయాలి?

వానలు మొదలయ్యాక అడవివరం వైపు వెళ్తే సింహాచలం కొండ అనాసలు కుప్పలుగా కనిపిస్తాయి. ముక్కలు కోసి ఉప్పూకారం జల్లుకోవడం మనకు అలవాటే. ఓవెన్‌లో పెట్టి వేడిగా తింటే ఆ పండు రుచే వేరు.

క్రంబుల్ ఇంగ్లండు ఇళ్లలో ఎక్కువగా ఆపిల్‌తో చేసుకునే తీపి వంటకం. అడుగున పండు, పైన వెన్నతో నలిపిన పిండి. మన అనాసలో రసం బాగా ఎక్కువ. పచ్చి ముక్కల మీదే పిండి చల్లితే అది కరకరలాడదు, తడిసి ముద్దవుతుంది. మొదటిసారి నాకు అలాగే అయింది. అందుకే ముందు రసాన్ని పొయ్యి మీద ఇగర్చాలి.

నలుగురికి అరకిలో అనాస ముక్కలు, 40 గ్రాముల అనకాపల్లి బెల్లం తురుము, చెంచా కార్న్‌ఫ్లోర్, రెండు యాలకులు చాలు. పై పొరకు 120 గ్రాముల మైదా, 70 గ్రాముల వెన్న, 60 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, గుప్పెడు పలాస జీడిపప్పు పలుకులు కావాలి.

పండు కొనేటప్పుడు అడుగు భాగం వాసన చూడండి. తియ్యటి వాసన రావాలి, పులిసిన వాసన వస్తే వద్దు. చెక్కు తీసి, కళ్లు తొలిచి, చిన్న ముక్కలు కోయండి. మధ్యలోని గట్టి భాగాన్ని పారేయకండి, చారులో బాగుంటుంది.

వెడల్పాటి గిన్నెలో ముక్కలు, బెల్లం వేసి మూత పెట్టకుండా మధ్యస్థ మంట మీద పది, పన్నెండు నిమిషాలు ఉడికించండి. మొదట పెద్ద బుడగలు వస్తాయి. రసం చిక్కబడేకొద్దీ అవి చిన్నవవుతాయి. గరిటెతో అడుగున గీత గీస్తే వెంటనే మూసుకుపోకూడదు. అప్పుడు కార్న్‌ఫ్లోర్‌ను కాసిని నీళ్లలో కలిపి పోసి, యాలకుల పొడి వేసి, ఒక్క నిమిషం ఉంచి దింపేయండి. పూర్తిగా చల్లారనివ్వాలి.

విశాఖ ఉక్కలో వెన్న వేళ్ల మధ్యే కరిగిపోతుంది. పావుగంట ఫ్రీజర్‌లో ఉంచి, మైదా, పంచదార, ఉప్పు కలిపిన గిన్నెలోకే నేరుగా తురమండి. అరచేయి తగలనీయకుండా వేళ్ల కొసలతో నలపండి. కొబ్బరికోరులా పొడిపొడిగా ఉండి, అక్కడక్కడా శనగగింజంత ఉండలు కనిపిస్తే సరిపోయినట్టే. ముద్ద కడుతోందంటే ఆపి, గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. చివర్లో జీడిపప్పు కలపండి.

ఓవెన్ పాత్రలో పండు పరిచి పైన పిండి వదులుగా చల్లండి, అదమకండి. ఆవిరికి దారి ఉండాలి. ముందే 180 డిగ్రీలకు వేడెక్కిన ఓటీజీలో (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) 30 నుంచి 35 నిమిషాలు. పైన బంగారు రంగు వచ్చి, అంచుల్లో రసం ఉడుకుతూ కనిపించాలి. ఓవెన్ లేకపోతే పిండి మిశ్రమాన్ని మందపాటి మూకుడులో సన్న సెగన రంగు వచ్చేదాకా వేయించి, వేడి పండు మీద వడ్డించే ముందు చల్లుకోండి.

దించాక పది నిమిషాలు ఆగండి, రసం నాలుక కాలుస్తుంది. పైన వెనిలా ఐస్‌క్రీమ్ వేసుకోవచ్చు. పచ్చి అనాసలోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ వల్ల పాలు చేదెక్కుతాయి గానీ, ఉడికితే ఆ గుణం పోతుంది. మిగిలితే మర్నాడు ఓవెన్‌లోనే వేడిచేయండి, మైక్రోవేవ్‌లో పై పొర మెత్తబడుతుంది.