గేమింగ్ ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే – 3వ పాఠం: ముందు కరెంటు, తర్వాతే డ్రైవరు

పోయిన పాఠంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫో (ల్యాప్‌టాప్ లోపలి వేగం, వేడి, వాట్లు కొలిచి చూపే టూల్) పెట్టుకుని, ఆట నడుస్తుండగా పది నిమిషాల లాగ్, అంటే ఆ కొలతల రికార్డు, తీయమన్నాను. ఆ ఫైలు తెరవండి. అందులో వందల వరుసలు చూసి కంగారు పడొద్దు. మనకు కావాల్సినవి నాలుగే: సీపీయూ (ప్రాసెసర్) వేగం, జీపీయూ (ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్) వేగం, జీపీయూ వాడుతున్న వాట్లు, జీపీయూ వేడి.

ఈ నాలుగింటికీ గ్రాఫ్ గీయండి. వేడి పెరగ్గానే వేగం తగ్గి, చల్లబడగానే మళ్ళీ పెరిగి, గీత రంపం పళ్ళలా ఉంటే అది వేడి సమస్య. దాన్ని 4వ పాఠంలో చూద్దాం. అలా కాకుండా 110 దగ్గర నడుస్తున్న వాట్లు ఒక్కసారిగా 35కి పడిపోయి అక్కడే ఉండిపోయాయా? వేడి కూడా దాంతోపాటే దిగిందా? అది కరెంటు సమస్య. చల్లగా ఉన్న యంత్రం నెమ్మదిగా నడుస్తోందంటే ఎవరో దాని చేతులు కట్టేశారన్నమాట. ఇక వాట్లు, వేడి అన్నీ మామూలుగానే ఉండి, తెర మాత్రం రెండు క్షణాలు నల్లబడి తిరిగొస్తుంటే అప్పుడు డ్రైవరును, అంటే విండోస్ చేత జీపీయూని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, అనుమానించాలి.

చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. ఆట నెమ్మదించగానే డ్రైవరు తీసేసి కొత్తది వేస్తారు. నేనూ అదే చేశాను. ఒకసారి నా ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నత్తనడక పట్టింది. డ్రైవరు మార్చాను, తగ్గలేదు. విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ వేశాను, ఒక ఆదివారం పూర్తిగా పోయింది. సాయంత్రం టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీపీయూ వేగం 0.78 గిగాహెర్ట్జ్ దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయి ఉంది. ఛార్జర్ పీకగానే మూడు దాటింది! లోపం ఛార్జర్ పిన్నులో ఉంది.

అదెలాగంటే, కొన్ని ల్యాప్‌టాప్‌ల ఛార్జర్ మూతి మధ్యలో ఒక సన్నని పిన్ను ఉంటుంది. 'నేను ఇన్ని వాట్ల ఛార్జర్‌ని' అని ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది వంగినా, లోపల వైరు తెగినా ల్యాప్‌టాప్ ఛార్జర్‌ని గుర్తుపట్టదు. తెలియని ఛార్జర్‌ని నమ్మలేక సీపీయూని 400 లేదా 800 మెగాహెర్ట్జ్‌కి కుదించేస్తుంది. ఇలా బయటి నుంచి సీపీయూకి అందే 'ఆగు' అనే సంకేతాన్ని బీడీ ప్రాక్‌హాట్ (BD PROCHOT) అంటారు. సీపీయూ వేగం సెట్టింగులు మార్చే థ్రాటిల్‌స్టాప్ అనే టూల్‌లో ఆ సంకేతాన్ని పట్టించుకోకుండా చేసే టిక్ ఉంటుంది. దాని జోలికి పోకండి. అది పొగ కనిపెట్టే అలారం గొంతు నొక్కడమే.

ఛార్జర్ మంచిదే అయినా సరిపోకపోవచ్చు. దాని మీద ఉన్న ఔట్‌పుట్ అంకెలు చూసి వోల్టులను ఆంపియర్లతో గుణించండి. 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అంటే 230 వాట్లు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్ 230 వాట్లదైతే, 65 లేదా 100 వాట్ల టైప్-సీ ఛార్జర్‌తో బ్రౌజింగ్ సాగుతుంది, ఆట సాగదు. గుర్తు ఇదీ: ఛార్జర్ పెట్టే ఉంటుంది, అయినా ఆడుతుంటే బ్యాటరీ శాతం తగ్గుతూ ఉంటుంది.

అసలు ఛార్జరే లేకుండా, బ్యాటరీ మీద ఆడుతూ 'సగం ఫ్రేములే వస్తున్నాయి' అంటే అందులో రోగం ఏమీ లేదు. అంత కరెంటు బ్యాటరీ ఒక్కసారిగా ఇవ్వలేదు. దానికి తోడు బ్యాటరీ ఆదా చేసే ఎన్విడియా వారి బ్యాటరీ బూస్ట్ ఆన్‌లో ఉంటే ఫ్రేములను సెకనుకు 30 దగ్గర ఆపేయవచ్చు.

ఛార్జర్ సంగతి తేలాక సెట్టింగులు చూడండి. తయారీదారు ఇచ్చిన యాప్‌లో, ఫ్యాన్ చప్పుడు తగ్గించడానికి వేగం కుదించే సైలెంట్ మోడ్ ఉండిపోయిందేమో చూడండి. విండోస్ పవర్ మోడ్ కూడా చూడండి. పాత కంట్రోల్ ప్యానెల్‌లో, ప్రాసెసర్ గరిష్ఠ స్థితి 99 శాతంగా ఉందేమో చూసుకోండి. 100కీ 99కీ ఒక శాతమే కదా అనిపిస్తుంది కానీ, 99 పెడితే సీపీయూ టర్బో (అవసరమైనప్పుడు మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం) పూర్తిగా ఆగిపోతుంది. వేసవిలో వేడి తగ్గడానికి పెట్టి మరిచిపోయేవాళ్ళు ఎందరో.

ఇప్పుడు డ్రైవరు. విండోస్ తనలో జరిగిన లోపాలు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో 4101 నంబరు వెతకండి. జీపీయూ రెండు సెకన్ల పాటు పలకకపోతే విండోస్ డ్రైవరును తిరిగి లేపి, ఆ సంగతి ఈ నంబరుతో రాసిపెడుతుంది. ఇవి ఎప్పటి నుంచి మొదలయ్యాయో తేదీ చూడండి. డ్రైవరు మారిన రోజుతో సరిపోయిందంటే దొంగ దొరికినట్టే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్‌కి వెళ్ళి పాత డ్రైవరుకి తీసుకెళ్ళే రోల్ బ్యాక్ బటన్ నొక్కండి. అయిదు నిమిషాల పని.

ఆ బటన్ నొక్కడానికి వీల్లేకుండా ఉంటేనే డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, పాత డ్రైవరును పూర్తిగా తుడిచే టూల్) వాడాలి. కావాల్సిన డ్రైవరును ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) రికవరీ కీ, అకౌంట్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. తుడిచే పని సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ అత్యవసరమైనవాటితోనే తెరుచుకునే స్థితిలో, చేయాలి; అక్కడ రోజూ లాగిన్‌కి వాడే పిన్ నంబరు పనిచేయకపోవచ్చు, అక్కడ ఇరుక్కుంటే అసలు టెన్షన్ మొదలవుతుంది. తర్వాత ఇంటర్నెట్ తీసేయండి. లేకపోతే మీరు పాతది తుడిచిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవరు తెచ్చి పెట్టేస్తుంది. ఆపైన సేఫ్ మోడ్‌లో తుడిచి, రీస్టార్ట్ చేసి, కొత్తది వేయండి. సరికొత్త వెర్షన్‌తోనే గొడవ మొదలైతే, ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో ఉన్న పాతదానికే నా ఓటు.

ఇంత చేశాక ఒక చిన్న తనిఖీ మిగిలింది. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో జీపీయూ ఇంజన్ కాలమ్ తెచ్చుకుని, ఆట ఏ జీపీయూ మీద నడుస్తోందో చూడండి. ప్రాసెసర్‌లో ఉండే చిన్న జీపీయూ మీద నడుస్తుంటే, విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగులలో ఆ ఆటకు హై పర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

ఈ వారం అభ్యాసం: ఒకే ఆట, ఒకే చోటు, ఒకే సెట్టింగులతో మూడు లాగ్‌లు తీయండి. మొదటిది ఛార్జర్ పెట్టి పర్ఫార్మెన్స్ మోడ్‌లో, రెండోది ఛార్జర్ పెట్టి సైలెంట్‌లో, మూడోది బ్యాటరీ మీద. మూడింటిలోనూ జీపీయూ వాట్లు ఎంత దగ్గర నిలిచాయో రాసుకోండి. మొదటిదానికీ రెండోదానికీ తేడా కనిపించకపోతే మోడ్ అసలు మారలేదని అర్థం. తయారీదారు యాప్‌ను మళ్ళీ వేసి చూడండి. మొదటి లాగ్‌లో రంపపు గీత వచ్చినవాళ్ళు ఫైలు దాచుకోండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది.